పోశవ్వ చెప్పని పేరు

పదో తరగతి పరీక్షలు మొదలైన రోజు అది. ఇన్విజిలేషన్ డ్యూటీకి ఆలస్యమవుతోందని గబగబా రవిక హుక్కులు పెట్టుకుంటుంటే, ఎడమ రొమ్ముకూ చంకకూ మధ్య వేలికి ఏదో గట్టిగా తగిలింది. శనగగింజంత ఉంది. నొప్పి లేదు. చేయి తీసేసి, కొంగు సర్దుకుని, బడికి వెళ్లిపోయాను. 1992 మార్చి నెల. అప్పటికి నేను గోదావరిఖనిలో, గని కార్మికుల పిల్లలు చదివే బడిలో సోషల్ టీచర్‌ని. వయసు నలభై ఒకటి.

ఆ గింజ సంగతి మా వారికి చెప్పడానికి నాలుగు నెలలు తీసుకున్నాను. భయం వల్ల ఆగానని చాలా రోజులు అనుకున్నాను. భయం కాదు. మా తాత ఒకప్పుడు మానేరు అవతల ఏడు ఊళ్లకు దొర. నాకు ఊహ తెలిసేనాటికి భూములు లేవు, కోటలాంటి మా గడి గోడలు కూలిపోయాయి. మా నాన్న అన్నీ పోయాక కూడా ఇస్త్రీ చొక్కా లేకుండా గడప దాటలేదు. అన్నదమ్ములు లేరు కనుక ఆ ఇంటికి మిగిలిన వారసురాలిని నేనే. నాకు వచ్చింది ఎవరి ముందూ వంచకూడదని నేర్పిన నడుము, మా నానమ్మ ఇచ్చిన ఒక వెండి భరిణె. పరాయి మగవాళ్ల ముందు ఒంటి సంగతి మాట్లాడటం మా ఇంట్లో లేదు. బొగ్గు కంపెనీ దవాఖానలో డాక్టర్లందరూ మా వారికి తెలిసినవాళ్లే. ఆయన ఆ కంపెనీ ఆఫీసులో హెడ్ క్లర్కు. వాళ్ల ముందు రవిక విప్పాలన్న ఆలోచనకే నాకు ఒళ్లు బిగుసుకుపోయేది.

జులైకి అది ఉసిరికాయంత అయింది. అప్పుడు చెప్పాను. ఆయన మంచం మీద కూలబడ్డారు.

"మార్చిల తెలిస్తె ఇప్పుడా చెప్పుడు? బడిల పిల్లలకు జర ఒళ్లు వెచ్చగైతె ఇంటికి పంపేదాక ఊకోవు. నీ సంగతి కొచ్చెటాల్లకు నోరు లేకపాయెనా?" అన్నారు.

ఆ తర్వాత అన్నీ తొందరగా జరిగాయి. హైదరాబాద్‌కు రిఫర్ చేశారు. ఎఫ్ఎన్ఏసీ అనే సూది పరీక్ష, బయాప్సీ. సర్జన్ రిపోర్టు చదివి, "కాన్సరేనమ్మా. స్టేజ్ టూ. ఇంకాస్త ముందు రావాల్సింది," అన్నారు. ఆగస్టులో మాస్టెక్టమీ చేసి రొమ్ము తీసేశారు. చంకలో గడ్డలు కూడా తీశారు. తర్వాత ఆరు విడతల కీమో. జుట్టు పోయింది, నోరు పూసింది, అన్నం వాసన పడేది కాదు. వీటి గురించి చాలామంది రాశారు, నేను రాసేది లేదు. కీమో తర్వాత రేడియేషన్ ఇస్తారు. మా వైపు దాన్ని "కరెంటు పెట్టుడు" అంటారు. అది చర్మాన్ని ఏం చేస్తుందో, ఆ సమయంలో నేను ఏం చేశానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

1993 మార్చి చివర మొదలైంది. వారానికి అయిదు రోజులు, మొత్తం ఇరవై అయిదు సిట్టింగులు. ఆసుపత్రి పక్కనే దూరం నుంచి వచ్చిన పేషెంట్లకు గదులు ఉన్నాయి. గదికి రెండు మంచాలు. మా వారు నన్ను దించి డ్యూటీకి వెళ్లిపోయారు. రెండో మంచం పోశవ్వది. ఆమెదీ నా జబ్బే, కుడి వైపు. ఆమె భర్త ఓదెలు గోదావరిఖనిలోనే బొగ్గు నింపే ఫిల్లర్. వాళ్ల క్వార్టర్ మా ఇంటికి రెండు మైళ్ల దూరం. అయినా అప్పటిదాకా మేం ఒకరినొకరం చూసుకోలేదు.

మా ఇంటిపేరు, ఊరి పేరు విని ఆమె ముఖం మారిపోయింది. "నువ్వు ఆ దొరోరి మనుమరాలివా? మా అత్త మీ గడిల వడ్లు దంచింది," అంటూ మంచం మీంచి లేచి నిలబడింది. నేను కూర్చోమనేదాకా కూర్చోలేదు. కూర్చోమనడానికి నేను కాస్త సమయం తీసుకున్నాను. ఆ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

మొదటి రోజు మార్కింగ్. టెక్నీషియన్ ఊదారంగు సిరాతో ఛాతీ మీద, చంక దాకా గీతలు గీశాడు. నేను కళ్లు మూసుకుని, పళ్లు బిగించి పడుకున్నాను. పోశవ్వ మాత్రం బయటికొచ్చి, "పట్వారి గొలుసు వట్టి చెలక కొల్సినట్టు కొల్సిండ్రు. ఇగ దున్నుడే తక్కువ," అంది. వరుసలో కూర్చున్న ఆడవాళ్లంతా నవ్వారు. నేను నవ్వలేదు.

సిస్టర్ మమ్మల్నందరినీ కూర్చోబెట్టి చెప్పింది. "గీతలు చెరిపేయకండి. గీతల లోపల సబ్బు వద్దు, పౌడర్ వద్దు, నూనె వద్దు, పసుపు అసలే వద్దు. చల్లటి మామూలు నీళ్లు పోసుకోండి, తువ్వాలుతో రుద్దకండి, అద్దండి. పాత మెత్తటి నూలు బట్టలు, వదులుగా. ఎండ తగలనివ్వకండి. మంటగా ఉంటే మాకు చెప్పండి. మీ అంతట మీరు ఏదీ రాయకండి."

నేను టీచర్‌ని. తలూపుతూ విన్నాను. మందుల మాట తెలియని వాళ్లకు చెబుతోందని మాత్రం మనసులో అనుకున్నాను.

కోబాల్ట్ మెషీన్ కింద రెండు మూడు నిమిషాలు కదలకుండా పడుకోవాలి. అంతే. వేడి తెలియదు, నొప్పి తెలియదు. మొదటి వారం ఇద్దరికీ ఏమీ కాలేదు. రెండో వారం చివర, ఎండలో తిరిగొచ్చినట్టు చర్మం ఎర్రబడింది. మూడో వారానికి ఆ చోటు నల్లబడి, బిగుసుకుపోయి, దురద మొదలైంది. గీతల చతురస్రం ఎంతో నలుపు అంతే. సిస్టర్‌కు చూపిస్తే, "ఇది అందరికీ వచ్చేదే. స్కిన్ రియాక్షన్. చెప్పినట్టు చేయండి, ఏం కాదు," అంది.

నేను వెండి భరిణె తీశాను.

అందులో మా ఇంటి లేపనం ఉంది. నూరుసార్లు కడిగిన నెయ్యి, తేనెమైనం, పసుపు, కర్పూరం, తుత్తునాగ భస్మం కలిపి నానమ్మ చేసేది. నిప్పు కాలినా, వేడి నూనె పడినా ఏడు ఊళ్ల నుంచి దాని కోసమే గడికి వచ్చేవాళ్లు. నానమ్మ అరుగు మీద నిలబడి, కిందున్న వాళ్ల చేతిలో వేసేది. గోదావరిఖనిలో కూడా పొయ్యి దగ్గర చేయి కాలిన ఆడవాళ్లు నా దగ్గరికి వచ్చేవాళ్లు. అన్నీ పోయాక మేం ఇంకొకరికి ఇవ్వగలిగిన వస్తువు అదొక్కటే. ఇచ్చినప్పుడల్లా నా వెన్ను ఇంకాస్త నిటారు అయ్యేది.

నేను రాసుకుని, పోశవ్వకూ ఇచ్చాను. ఆమె వేలితో తీసుకోబోతూ ఆగింది.

"సిస్టరమ్మ ఏం రాయొద్దన్నది గద, దొరసానీ?"

"ఆమె బజారు క్రీముల సంగతి చెప్పింది. ఇది మా ఇంటిది. పొద్దున కరెంటుకు పోయేముందు ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, పడుకునేముందు ఒకసారి."

"ఇగ నువ్వు చెప్పినంక ఫికరేంది," అని రాసుకుంది. భరిణె ఆమె మంచం దగ్గరే పెట్టాను. నాకు కావలసినంత వేరే చిన్న సీసాలోకి తీసుకున్నాను.

నాలుగో రోజు నాకు విపరీతమైన మంట మొదలైంది. మిరపకాయ పూసినట్టు. తడి గుడ్డతో మెల్లగా తుడిచేసి, చిన్న సీసా పెట్టె అడుగున పెట్టేసి, మళ్లీ ముట్టుకోలేదు. రెండు రోజుల్లో మంట తగ్గింది.

ఆ సంగతి పోశవ్వకు చెప్పలేదు.

మా ఇంటి మందు నా ఒంటికే పడలేదని ఆమెతో ఎలా చెప్పాలో తోచలేదు. రోజూ సాయంత్రం భరిణె మూత తీస్తూ ఆమె అడిగేది, "నువ్వు రాసుకున్నవా, దొరసానీ?" నేను గోడ వైపు తిరిగి, "ఆఁ, రాసుకున్న," అనేదాన్ని. ఒకసారి కాదు, ఆరు రోజులు అలా అన్నాను. ఆమెకూ మంటగా ఉందని ఆమె నడకలోనే తెలిసేది, చేయి ఒంటికి ఆనకుండా దూరంగా పట్టుకుని నడిచేది. "మందన్నంక మండుతది. మండితేనే పనిచేస్తదట," అని తనకు తానే చెప్పుకునేది. టెక్నీషియన్ ఒకరోజు, "ఏంటమ్మా, జిడ్డుగా ఉంది?" అని అడిగితే, చెమట అని చెప్పిందట.

పదహారో సిట్టింగ్ రోజు ఆమె చంకలో చర్మం ఊడి వచ్చింది. కింద పచ్చిగా, తడిగా, ఎర్రగా ఉంది. రవిక అంటుకుపోయి రాలేదు. నేనే ఆమెను పట్టుకుని డాక్టర్ గదికి తీసుకెళ్లాను. ఆయన పెద్దవయసు మనిషి. చూసి కళ్లజోడు తీశారు.

"మాయిస్ట్ డెస్క్వమేషన్. ఇంత తొందరగా ఇంత రాకూడదే. ఏమైనా రాశావా అమ్మా?"

ఆమె పక్కనే నేను నిలబడి ఉన్నాను. పోశవ్వ నా వైపు చూడలేదు, నేల చూసింది.

"ఏం రాయలేదు సారూ. ఎండకాలం గద, చెమటకు గిట్లయింది."

"నిజం చెప్పు. ఆకు, పసరు, నూనె, ఏదైనా?"

"లేదు సారూ."

ఆయన నా వైపు తిరిగారు. "మీరు ఆమె గదిలోనే ఉంటారు కదా. మీరు చూశారా?"

నేను చదువుకున్నదాన్ని కనుక నన్ను అడిగారు. నా మాట నమ్ముతారు కనుక అడిగారు. "నేను గమనించలేదు డాక్టర్," అన్నాను.

ఆయన నిట్టూర్చి రాశారు. ట్రీట్‌మెంట్ ఆపాలి. గాయం మీద జీవీ పెయింట్ అనే ఊదారంగు మందు వేయాలి. "వారం చాలు, మహా అయితే పది రోజులు. గ్యాప్ ఎక్కువైతే లోపల మిగిలిన కాన్సర్ కణాలకు మనమే టైమ్ ఇచ్చినట్టు. తప్పకుండా రా," అన్నారు. మర్నాడు ఓదెలు వచ్చి ఆమెను గోదావరిఖని తీసుకెళ్లాడు. సంచిలో ఆమె భరిణె పెట్టుకోవడం నేను చూశాను. అప్పుడైనా ఒక్క మాట అని ఉండొచ్చు. "జాగ్రత్తగా పో," అన్నాను.

నా సిట్టింగులు పూర్తయ్యాయి. నీళ్లు, పాత నూలు గుడ్డ తప్ప ఏమీ తగలనివ్వలేదు. నా చర్మం కూడా పొట్టు లేచింది, కానీ తడి కాలేదు. డాక్టర్ ముందే చెప్పారు, "అయిపోయాక కూడా వారం పది రోజులు పెరుగుతుంది. తర్వాత తగ్గుతుంది." అలాగే జరిగింది. మే నెల మొదట్లో గోదావరిఖనికి వచ్చాను. ఎండ నిప్పులు చెరుగుతోంది. తలుపులు వేసుకుని, మా నాన్న పాత మల్లు చొక్కా తొడుక్కుని, ఇంట్లోనే ఉండిపోయాను.

వచ్చిన మూడో రోజు మా వారు ఆఫీసు నుంచి వచ్చి చెప్పారు. "ఓదెలు కలిసిండు. పోశవ్వ మళ్ల హైదరాబాద్ పోలేదట. మానకపాయె, భయమైతుందంటదట. నువ్వొకసారి పొయ్యి చెప్పరాదు? నీ మాటైతె వింటది."

నా మాట వింటుంది. అదే నా భయం. "ఓదెలుతో చెప్పండి, జల్ది తీస్కపొమ్మని," అన్నాను. నా ఒంట్లో బాగాలేదు, ఎండగా ఉంది, వచ్చే వారం వెళతాను, అనుకున్నాను. ఎనిమిది రోజులు ఇలాగే గడిపాను. తొమ్మిదో రోజు పొద్దున పాత చొక్కా మీద చీర చుట్టుకుని రిక్షా ఎక్కాను.

ఓదెలు అప్పుడే నైట్ షిఫ్టు దిగి వచ్చి, క్వార్టర్ ముందు చాయ్ తాగుతున్నాడు. కనురెప్పల అంచులకు ఇంకా బొగ్గు ఉంది. పోశవ్వ లోపల గోడకానుకుని కూర్చుంది. భర్త ఖాకీ చొక్కా తొడుక్కుని ఉంది. నన్ను చూసి లేవబోయింది. లేవొద్దన్నాను. చంక నుంచి నడుము దాకా జీవీ పెయింట్ ఊదారంగు, దాని మీద పసుపు పచ్చగా ఏదో మెరుస్తోంది. దేవుడి గూట్లో, దీపం పక్కన, నా వెండి భరిణె ఉంది.

"ఇంకా రాస్తున్నవా?" అన్నాను.

"ఒక్క పూట ఇడువలే, దొరసానీ. అయిపోవస్తున్నదని జర జరనే రాస్తున్న. నీకెట్లున్నది? నీకు మానింది గద?"

నేను కింద కూర్చున్నాను. ఒకరి ఇంట్లో నేల మీద కూర్చోవడం నాకు అదే మొదటిసారి. "పోశవ్వా, నేను నాలుగో రోజే మానేసిన. నాకు మండింది. నీకు చెప్పలేదు," అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. "రోజు అడిగితి గద," అంది.

ఓదెలు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు, చేతిలో చాయ్ గ్లాసు అలాగే ఉంది. "మీ తాత చెప్తె మా అవ్వ చేసింది. నువ్వు చెప్తె ఇది చేసింది. మా ఇంట్ల మీ మాటకు ఎదురడిగినోళ్లే లేకపాయిరి. నేనన్న అడగాల్సింది టీచరమ్మా, నాదే తప్పు."

ఆ మాట కంటే అతను నన్ను తిట్టినా బాగుండేది.

"డాక్టర్ ముందట నా పేరు ఎందుకు చెప్పలేదు?" అని పోశవ్వను అడిగాను.

"నీ పేరు నా నోట్లకెంచి ఎట్ల ఎల్తది? నువ్వు పక్కనే ఉంటివి. చెప్పేటిదైతె నువ్వే చెప్తువు గద."

మర్నాడే ముగ్గురం రైలెక్కాం. బోగీలో వడగాలి కొడుతోంది. కాజీపేట దాటాక పోశవ్వ నన్ను మోచేత్తో పొడిచి, "అక్కా, జర ఆ కిటికీ మూయి," అంది. అప్పటిదాకా నన్ను ఆమె అక్కా అనలేదు. నిజం రాస్తున్నాను, ఆ పిలుపు నాకు మొదట గుచ్చుకుంది. లేచి కిటికీ మూశాక గానీ దాని విలువ తెలియలేదు.

డాక్టర్ గదిలో నేనే ముందు మాట్లాడాను. లేపనంలో ఏమేం ఉన్నాయో, ఎవరు ఇచ్చారో, ఎవరు అబద్ధం చెప్పారో అన్నీ చెప్పాను. ఆయన కేకలు వేయలేదు. "ఒంటి మీద మందంగా ఏది పూసినా అది ఇంకో చర్మం లాంటిది. అందులో లోహ భస్మం కూడా. చర్మం మీద పడే డోస్ పెరుగుతుంది. ఆ రోజు మీరు ఒక్క మాట చెప్పి ఉంటే, ఆ డబ్బా ఆపించి వారంలో మళ్లీ మొదలుపెట్టేవాణ్ణి. టీచర్ గారూ, నెల రోజులు పోయాయి," అన్నారు.

లేపనం ఆపిన పన్నెండు రోజులకే గాయం మానింది. మిగిలిన సిట్టింగులు పూర్తి చేశారు. నేను ఆమెతోనే ఉన్నాను. రోజూ చల్లటి నీళ్లు పోసి, అద్ది, ఓదెలు ఖాకీ చొక్కాలు ఉతికి ఆరేసేదాన్ని. గంజి పెట్టకుండా ఉతకడం ఆమే నేర్పింది. "ఇన్నేండ్లు గంజి లేకుంటె నీకు చీర నిలబడదనుకుంటివి అక్కా," అని నవ్వేది.

రెండేళ్లు బాగానే ఉంది. 1995లో, అదే కుడి వైపు, ఆపరేషన్ మచ్చ పక్కన చిన్న చిన్న గడ్డలు లేచాయి. రికరెన్స్, అంటే జబ్బు తిరగబెట్టింది అన్నారు. నేను డాక్టర్‌ను విడిగా అడిగాను. ఆయన, "ఆ గ్యాప్ వల్లే అని చెప్పలేను. గ్యాప్ వల్ల కాదని కూడా చెప్పలేను," అన్నారు. ఆ రెండు వాక్యాలతోనే నేను బతుకుతున్నాను. పోశవ్వ ఆ మరుసటి వానాకాలంలో పోయింది.

పెద్దకర్మ అయ్యాక ఓదెలు భరిణె తెచ్చి ఇచ్చాడు. చింతపండుతో తోమి, తళతళలాడేలా చేసి తెచ్చాడు. "మీ వస్తువు మీకు చేరాలె గద," అన్నాడు. లోపల ఏమీ లేదు. ఆ లేపనం నేను మళ్లీ చేయలేదు, చేసే పద్ధతి ఎవరికీ నేర్పలేదు. మా ఇంటిది అని చెప్పుకోవడానికి మిగిలింది అదొక్కటే, అది నాతో పోనీ.

నా ఆపరేషన్ జరిగి ఏడేళ్లు. ఎడమ ఛాతీ చర్మం ఇప్పటికీ నల్లగా, మందంగా ఉంది. ఎండలోకి వెళితే కొంగు నిండుగా కప్పుకుంటాను. బరువులు ఎత్తితే చేయి వాస్తుంది. అంతకుమించి ఇబ్బంది లేదు. బడికి వెళుతున్నాను. ఇక్కడి కాలనీల నుంచి కరెంటు పెట్టించుకోవడానికి ఎవరైనా ఆడమనిషి హైదరాబాద్ వెళుతోందని తెలిస్తే, నేనే వాళ్లింటికి వెళతాను. వాళ్లు కూర్చున్న చోటే కూర్చుంటాను. ఎర్రబడుతుంది, నల్లబడుతుంది, పొట్టు లేస్తుంది, భయపడి మధ్యలో ఆపొద్దు, అని చెబుతాను. నాలుగు పాత నూలు చొక్కాలు పెట్టుకోమంటాను.

చివరగా ఒకటి అడుగుతాను, మిమ్మల్నీ అదే అడుగుతున్నాను. చర్మానికి ఏది తగిలినా, అడగకముందే డాక్టర్‌కు చెప్పండి. అత్తగారు పూసిన పసుపైనా, పూజారి ఇచ్చిన విభూతైనా, పెద్దింటివాళ్ల మందైనా సరే. ఎవరు ఇచ్చారంటే వాళ్ల పేరు చెప్పండి, వాళ్లు మీ పక్కనే నిలబడి ఉన్నా సరే. నేనే ఇచ్చినా, నా పేరు చెప్పండి.